కొమ్ము విల్లు అలా ఎందుకు వంగింది

నారి విప్పేసిన పాత తుర్కీ విల్లును మొదటిసారి చూసేవాళ్లకు అది విల్లని వెంటనే తట్టదు. రెండు రెక్కలూ ముందుకు చుట్టుకుపోయి, కొసలు దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని, కాళ్లు ముడుచుకున్న పీతలా ఉంటుంది. ఆ వంపు ఎటుందో అటే నారి కట్టేస్తారేమో అనిపిస్తుంది. కానీ దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పి, రెక్కల్ని అవతలి వైపుకి విరిచినంత పని చేసి, అప్పుడు నారి తగిలించాలి. అందుకే బాణం పెట్టకముందే, నారి ఎక్కించడంతోనే ఆ విల్లులో బోలెడంత బిగువు చేరిపోతుంది. హోమర్ కావ్యంలో ఒడిస్సియస్ విల్లుకి నారి ఎక్కించలేక, అతని భార్యను పెళ్లాడదామని వచ్చినవాళ్లు దాన్ని మంట దగ్గర కాచి కొవ్వు రాసి మెత్తబరచాలని చూస్తారు. చివరికి అది ఒడిస్సియస్ చేతికొస్తే, అతను ముందు చేసే పని కొమ్ముని పురుగు తినేసిందేమో అని అటూ ఇటూ తిప్పి చూసుకోవడం. కట్టె విల్లుని ఎవరూ అలా చూడరు. అది కొమ్ముతో కట్టిన విల్లు, ఆసియా పనితనం.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి. ఇప్పుడు పోటీల్లో కనిపించే కప్పీల విల్లుని కాంపౌండ్ విల్లు అంటారు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచింది ఆ రకం విల్లుతోనే. అది 1960ల్లో అమెరికాలో పుట్టింది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది కాంపోజిట్ విల్లు గురించి, అంటే వేరువేరు పదార్థాల్ని జిగురుతో ఒకటిగా అతికించిన మిశ్ర విల్లు గురించి. ఇది ఆ కప్పీల విల్లుకంటే 4 వేల ఏళ్లు పాతది. దీనికి మన భాషలోనే పాత మాట ఉంది, సింగిణి అని. శృంగం అంటే కొమ్ము, శార్ఙ్గం అంటే కొమ్ముతో చేసింది. శార్ఙ్గపాణి అని విష్ణువుని పిలిచేటప్పుడు, పూజలో ఆ పేరు రోజూ పలికేవాళ్లలో కూడా ఎక్కువమందికి, అందులో ఒక విల్లు తయారీ పద్ధతి దాగి ఉందని తట్టకపోవచ్చు.

ఈ విల్లు చరిత్రని సాధారణంగా నిచ్చెన మెట్లలా చెబుతారు. అడుగున కట్టె విల్లు, పైన స్కిథియన్ విల్లు, ఆ పైన హూణుల విల్లు, ఆ పైన మంగోల్, అన్నిటికంటే పైన తుర్కీ. చెప్పడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ ఆ చెప్పడం తప్పు. ఒక్కో ప్రాంతం వాళ్లు తమ వాతావరణం, తమకి దొరికే కొమ్ము, తాము కొట్టాల్సిన గురి, తాము ఎక్కే గుర్రం లేదా రథం, వీటన్నిటి మధ్య కుదుర్చుకున్న బేరం ఒక్కో విల్లు. ఒకచోట లాభం తెచ్చిన మార్పు ఇంకోచోట నష్టం. అది అర్థం కావాలంటే విల్లు లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపికగా చూడాలి.

ఏ కర్రనైనా వంచితే బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది. విల్లు లాగినప్పుడూ అంతే. గురి వైపు ఉండే వీపు సాగుతుంది, విలుకాడి వైపు ఉండే పొట్ట నలుగుతుంది. కట్టెకి ఈ రెండూ కొంతవరకే పడతాయి, సుమారు ఒక శాతం సాగేసరికి చాలా కర్రలు చిట్లడానికి సిద్ధమవుతాయి. అందుకే కట్టె విల్లు బలంగా ఉండాలంటే పొడవుగా ఉండాలి, పొడవుంటే ప్రతి అంగుళం మీదా పడే వంపు తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో ట్యూడర్ల కాలపు యూ కర్ర విల్లు మనిషంత పొడవుండడానికి కారణం అదే. అంత పొడవు విల్లుతో గుర్రం మీద కూర్చుని కుడికీ ఎడమకీ తిరగలేం, గుర్రం మెడకి తగులుతుంది, తొడకి తగులుతుంది.

ఇప్పుడు సాగే వైపున స్నాయువు అతికించండి. ఎద్దు కాలి వెనక మడమ దగ్గర ఉండే ఆ బలమైన నరాన్ని ఎండబెట్టి, సుత్తితో దంచి, దారాల్లా చీల్చి, జిగురులో ముంచి వరసలు వరసలుగా పరుస్తారు. అది కట్టెకంటే ఎన్నో రెట్లు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. నలిగే వైపున కొమ్ము. గేదె కొమ్ముని ఎంత నొక్కినా చిట్లకుండా ఓర్చుకుని, వదలగానే మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. మధ్యలో సన్నటి కర్ర లేదా వెదురు. కర్రకి ఇక్కడ పెద్ద బరువేమీ పడదు, రెండు పక్కల వాళ్లనీ పట్టి ఉంచడమే దాని పని. ఈ మూడింటినీ కలిపేది జంతువుల చర్మం, నరాలు ఉడికించి తీసిన జిగురు. మన వడ్రంగులు వజ్రం అనే బంక ఆ జాతిదే. చేప గాలితిత్తి నుంచి తీసే జిగురు ఇంకా మేలురకం. ఇలా కట్టిన విల్లు మీటరు పొడవే ఉన్నా మనిషంత కట్టె విల్లుకి దీటుగా బలం నింపుకుంటుంది. పొట్టిగా, తేలిగ్గా ఉన్న రెక్కలు వేగంగా ముందుకు దూకుతాయి కాబట్టి ఆ బలంలో ఎక్కువ వాటా బాణానికే దక్కుతుంది, రెక్కల్ని కదపడానికి వృథా కాదు.

అయితే ఈ పని ఒకరోజులో అయ్యేది కాదు. చైనాలో విల్లు పనివాళ్ల గురించి రాసిన అతి పాత వివరణ, ఝౌ రాజ్యపు ఆచారాల గ్రంథంలో చేరిన వృత్తుల భాగంలో ఉంది. అందులో ఆరు పదార్థాలు చెప్పారు: కర్ర, కొమ్ము, స్నాయువు, జిగురు, పట్టుదారం, లక్క. కర్ర శీతాకాలంలో కోయాలి, కొమ్ము వసంతంలో నానబెట్టాలి, స్నాయువు వేసవిలో సిద్ధం చేయాలి, శరత్తులో అన్నీ కలపాలి. ఇందులో మంత్రం ఏమీ లేదు. చలిలో కోసిన కర్రలో రసం తక్కువ, జిగురు ఆరడానికి పొడి గాలి కావాలి, స్నాయువు వరస వరసకీ మధ్య రోజులు కాదు వారాలు ఆగాలి. మంచి తుర్కీ విల్లుకి ఏడాది నుంచి కొన్నేళ్లు పట్టేది. ఒక సైన్యానికి వేల విల్లులు కావాలంటే దాని వెనక ఎంతమంది పనివాళ్లు, ఎన్ని పశువులు, ఎంత ముందుచూపు ఉండాలో లెక్క వేసుకుంటే, రాజుల యుద్ధాల గురించి ఇంత రాసి ఈ పనివాళ్ల గురించి ఇంత తక్కువ రాశారేమిటని బాధ కలుగుతుంది.

మొదట్లో ఈ విల్లు గుర్రపు రౌతుది కాదు, రథం మీదివాళ్లది. క్రీ.పూ. 2250 ప్రాంతపు మెసొపొటేమియాలోని అక్కాద్ రాజు నరామ్‌సిన్ విజయశిల ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని మీద రాజు చేతిలో ఉన్న పొట్టి విల్లు మిశ్ర విల్లేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. తర్వాతి వెయ్యేళ్లలో రథాలు పశ్చిమాసియా అంతటా పరుగెత్తాయి, వాటితోపాటు ఈ విల్లు కూడా ఈజిప్టుకి చేరింది. 1922లో బయటపడ్డ టుటన్‌ఖామున్ సమాధిలో నలభైకి పైగా విల్లులు దొరికితే అందులో ఎక్కువ ఇవే. నారి కడితే రెండు నిటారు రెక్కలు పిడి దగ్గర కోణంలో కలిసి త్రికోణంలా కనిపించే రకం అది, అస్సీరియన్ శిల్పాల్లో కూడా అదే. ఈజిప్టు ఎడారి పొడిగాలి కాబట్టి అవి మూడు వేల ఏళ్ల తర్వాత కూడా చేతికి దొరికాయి. తడి నేలల్లో పాతిపెట్టిన కొమ్ము, స్నాయువు, జిగురు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. ఈ విల్లు చరిత్రలో ఎడారులూ మంచు నేలలూ ఇంత పెద్ద చోటు తీసుకోవడానికి అది కూడా ఒక కారణమని గుర్తుంచుకోవాలి.

మనిషి రథం దిగి గుర్రం వీపెక్కాక విల్లు ఇంకా పొట్టిదైంది. నల్లసముద్రం ఉత్తర తీరం నుంచి తూర్పున షిన్‌జియాంగ్ దాకా పరుచుకున్న గడ్డి మైదానాల్లో క్రీ.పూ. 7వ శతాబ్దం నుంచి స్కిథియన్లు, వాళ్ల బంధు జాతులు వాడిన విల్లు అటూ ఇటూగా మీటరే. పిడి దగ్గర లోపలికి నొక్కుకుని, రెక్కలు ఉబ్బి, కొసలు మళ్లీ ముందుకు తిరిగి ఉంటాయి. క్రిమియాలోని కుల్ ఓబా సమాధిలో దొరికిన పాత్ర మీద ఒక స్కిథియన్ ఆ విల్లుని తొడ కింద నుంచి మోకాలికి ఆనించి నారి ఎక్కిస్తున్న బొమ్మ ఉంది, ఆ పద్ధతిని చూసి నేర్చుకోవచ్చు, అంత వివరంగా చెక్కారు. తుర్పాన్ దగ్గర యాంగ్‌హాయ్ శ్మశానంలో అసలు విల్లులే దొరికాయి. గ్రీకులు తమ ప్రేమదేవుడి చేతిలో పెట్టిన చిన్న వంకర విల్లు కూడా ఈ రకమే. మన మన్మథుడికి చెరకు విల్లు ఇస్తే వాళ్లు పొరుగున ఉన్న రౌతుల విల్లు ఇచ్చారు. ఇక దూరం సంగతి. నల్లసముద్రపు ఒడ్డున ఓల్బియా అనే గ్రీకు పట్నంలో దొరికిన ఒక శిలాశాసనం, దెమాగోరస్ కొడుకు అనాక్సాగోరస్ 282 బారలు బాణం వేశాడని చెబుతోంది. అంటే సుమారు 520 మీటర్లు.

ఇంత చక్కగా పనిచేసే విల్లుని ఎందుకు మార్చారు మరి? శత్రువు మారాడు. కవచం తొడిగిన మనిషినీ గుర్రాన్నీ కొట్టాలంటే చిన్న తేలిక బాణం చాలదు, బరువు బాణం కావాలి, దాన్ని నెట్టడానికి వేరే రకం విల్లు కావాలి. క్రీ.పూ. 3వ శతాబ్దం తర్వాత మంగోలియా, బైకాల్ ప్రాంతాల్లోని షియోంగ్‌ను అనే సంచార జాతి సమాధుల్లో ఎముక పలకలు కనబడటం మొదలవుతుంది. విల్లు అంతా మట్టిలో కలిసిపోయినా, పిడి దగ్గరా రెండు కొసల దగ్గరా అతికించిన ఆ పలకలు మాత్రం మిగిలాయి. వాటి అర్థం ఏమిటంటే, రెక్క చివర ఇకమీదట వంగదు. ఆ కొస, అంటే వింటికొప్పు, పొడవై, గట్టిదై, కోణంలో ముందుకు నిలబడింది.

ఈ చిన్న మార్పే మొత్తం కథకి కీలకం. వంగని కొప్పు ఒక మీట. బావి మీద ఏతం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకి ఇది చటుక్కున అర్థమవుతుంది. లాగడం మొదలుపెట్టినప్పుడు నారి కొప్పుకి ఆనుకుని ఉంటుంది, లాగడం కష్టంగా ఉంటుంది, అంటే మొదటి నుంచే బలం దండిగా చేరుతుంది. కొంత దూరం లాగాక నారి కొప్పుని వదిలి పైకి లేస్తుంది, అప్పుడు కొప్పు మీటలా పనిచేసి చివరి జానెడు లాగడం తేలికవుతుంది. ఆఖర్లో చేయి వణక్కుండా గురి చూసుకునే వీలు దొరుకుతుంది. కట్టె విల్లుది దీనికి తిరగబడ్డ వరస, మొదట సులువు, చివర్లో గోడని లాగినట్టు. నేటి కాంపౌండ్ విల్లులో కప్పీలు చేసే పని కూడా లాగేకొద్దీ మీట బలాన్ని మార్చడమే. ఆ ఆలోచన 2 వేల ఏళ్ల క్రితమే ఎముక పలకల్లో ఉంది. పేరు తెలియని ఆ పనివాళ్లకి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

అయితే పొడవు కొప్పుకి ఒక ఖరీదుంది. రెక్క చివర బరువు పెరిగితే అది మెల్లగా కదులుతుంది. బరువు బాణానికి అది అడ్డు కాదు, తేలిక బాణానికి మాత్రం దెబ్బ. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే ఆ తర్వాత వచ్చిన విల్లులన్నిటినీ చదవొచ్చు.

క్రీ.పూ. 53లో కర్హే అనే చోట, పర్షియాని ఏలిన పార్థియన్ల సేనాని సురేనా చేతిలో క్రాసస్ రోమన్ సైన్యం నాశనమైన యుద్ధం గురించి చెప్పేటప్పుడు అందరూ విల్లునే పొగుడుతారు. విల్లు గొప్పదే, కానీ ఆరోజు గెలిపించింది ఒంటెలు. బాణాలు అయిపోతాయి, అప్పుడు మీద పడదాం అని రోమన్లు డాళ్ల వెనక ఎదురుచూశారు. ఒంటెల మీద కట్టలు కట్టలుగా బాణాలు వస్తూనే ఉన్నాయని కనబడ్డాక వాళ్ల ఆశ చచ్చింది. ప్లూటార్క్ ఈ సంగతి స్పష్టంగానే రాశాడు. ఎంత గొప్ప ఆయుధమైనా దాని వెనక సరఫరా లేకపోతే అలంకారమే.

మంగోల్ విల్లు దగ్గర ఇప్పటికీ పెద్ద అపోహ ఒకటి నడుస్తోంది. చెంఘిజ్ ఖాన్ సోదరుడి కొడుకు యెసుంగే 335 బారల దూరం బాణం వేశాడని చెక్కిన రాయి 1225 ప్రాంతానిది, ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్‌లో ఉంది. బారకి మీటరున్నర పైన వేసుకున్నా 500 మీటర్లు దాటుతుంది. ఆ కాలపు విల్లు ఓ మోస్తరు పొడవుది, కొప్పులు మరీ పెద్దవి కావు. కానీ ఇప్పుడు ఉలాన్‌బాతర్‌లో నాదమ్ అనే ఆటల పండగకి వాడే విల్లు చూస్తే కొప్పులు భారీగా, నారి వచ్చి తగలడానికి కొప్పు మొదట్లో చిన్న ఆనింపు ముక్కలతో ఉంటుంది. అది చైనాకి ఈశాన్యాన ఉండే మంచూల విల్లు. 1644లో మంచూలు బీజింగ్ చేరి అక్కడి నుంచి తమ చింగ్ పాలన సాగించాక వాళ్ల విల్లే చైనా, మంగోలియా, టిబెట్ అంతటా పరుచుకుంది, పాత రకాలు మరుగునపడ్డాయి. కాబట్టి సినిమాల్లో చెంఘిజ్ సైనికుల చేతిలో ఆ పెద్ద చెవుల విల్లు పెడితే అది నాలుగైదు వందల ఏళ్ల పొరపాటు.

మంచూ విల్లునీ తుర్కీ విల్లునీ పక్కపక్కన పెడితే నిచ్చెన కథ ఎందుకు నిలవదో కళ్లకు కడుతుంది. రెండూ దాదాపు ఒకే కాలానివి, రెండింట్లోనూ అదే గేదె కొమ్ము, అదే స్నాయువు. మంచూ విల్లు ఒకటిన్నర మీటర్లకు పైనే, బాణం దాదాపు మీటరు, మందంగా, బరువుగా. దగ్గర నుంచి దుప్పినో ఎలుగునో ఒక్క దెబ్బకి పడగొట్టాలి, కవచాన్ని చీల్చాలి. వాళ్లకి దూరం అక్కర్లేదు, దెబ్బలో బరువు కావాలి. తుర్కీ విల్లు 110 సెంటీమీటర్ల వరకు, కొప్పులు చిన్నవి, రెక్క చివరలు పుల్లల్లా సన్నం. తేలిక బాణాన్ని కనుచూపు మేర దాటించడం దాని ప్రత్యేకత. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గెలిచాక రెండో మెహమెద్ సుల్తాన్ అక్కడే విలువిద్యకి ఒక మైదానం కేటాయించాడు, ఓక్ మెయ్‌దానీ అని. బాణం పడ్డ చోట పేరు చెక్కిన రాతిస్తంభాలు నాటేవారు, కొన్ని ఇస్తాంబుల్ ఇళ్ల మధ్య ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1795లో లండన్‌లో తుర్కీ రాయబారి కార్యదర్శి మహమూద్ ఎఫెందీ 482 గజాలు, అంటే 440 మీటర్లు వేసి చూపిస్తే ఇంగ్లిషు విలుకాళ్లు నోరెళ్లబెట్టారు. మూడో సెలీం సుల్తాన్ పేరిట 1798లో నమోదైన దూరం 972 గజాలు, దాదాపు 890 మీటర్లు. మరి ఏది గొప్ప విల్లు? మంచూ బాణాన్ని తుర్కీ విల్లుకి పెడితే నీరసంగా పోతుంది, తుర్కీ బాణాన్ని మంచూ విల్లుకి పెడితే దాని భారీ కొప్పుల వేగం ఆ తేలిక బాణానికి చాలదు. దేని పని దానిది.

కొమ్ము దొరకడం, దొరకకపోవడం కూడా విల్లు రూపాన్ని తేల్చింది. కొరియావాళ్ల గక్‌గుంగ్ చూడండి, నారి విప్పితే దాదాపు సున్నా చుట్టేసే విల్లు. దానికి పొడవైన గేదె కొమ్ము కావాలి, కొరియాలో గేదెలు లేవు. దక్షిణ దేశాల నుంచి చైనా మీదుగా తెప్పించుకునేవారు. చైనా మింగ్ ప్రభుత్వం, అది యుద్ధ సామగ్రి కాబట్టి, ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. 15వ శతాబ్దంలో కొరియా రాజులు ర్యూక్యూ దీవుల నుంచి గేదెలు తెప్పించి తమ దేశంలోనే పెంచాలని కూడా చూశారు, ఆ ప్రయత్నం ఫలించలేదు. కొమ్ములు లేని రోజుల్లో నాటు ఎద్దు కొమ్ము ముక్కలు అతికించి సర్దుకున్నారు. జపాన్ వాళ్లు ఆ దారే పట్టలేదు. తేమ దేశం, కొమ్ము లేదు, కానీ మంచి వెదురుంది. వెదురూ కర్రా పొరలు అతికించి రెండు మీటర్ల పైన విల్లు చేసుకున్నారు, పిడి మధ్యలో కాకుండా కిందికి పెట్టి గుర్రం మీద కూడా వాడారు. దాన్ని వెనకబాటు అనడం అన్యాయం.

తేమ అనేది ఈ విల్లుకి పుట్టుకతో వచ్చిన శత్రువు. జిగురు నీళ్లలో కరిగేదే కదా. క్రీ.శ. 600 ప్రాంతపు బైజాంటిన్ యుద్ధగ్రంథం, పర్షియన్లని ఎప్పుడు ఎదుర్కోవాలో చెబుతూ, చలి, వాన, దక్షిణపు గాలి వాళ్ల విల్లుల్ని సడలిస్తాయని సలహా ఇస్తుంది. అందుకే పైన బెరడు, తోలు, లక్క. కొరియాలో వర్షాకాలంలో విల్లుని వెచ్చని పెట్టెలో దాచేవారు, ఇప్పటికీ దాస్తారు.

ఇక మన దేశం. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్‌తో తలపడ్డ విలుకాళ్లది మనిషంత విల్లు, ఎడమ కాలితో నేలకి తొక్కిపట్టి లాగేవారని గ్రీకులు రాశారు. అయినా కొమ్ము విల్లు మనకి తెలియనిదేమీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం తాటి, వెదురు, కర్ర, కొమ్ము అని నాలుగు రకాల విల్లులు లెక్కపెడుతుంది, నారికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు నార, స్నాయువు లాంటివి చెబుతుంది. వింటినారికి మౌర్వి అనే పేరు ఆ మూర్వ నుంచి వచ్చిందే. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం విల్లుకి లోహం, కొమ్ము, కర్ర మూడూ పదార్థాలే అంటుంది. అంటే మనవాళ్లు ఒకదాన్ని వదిలి ఇంకొకటి పట్టుకోలేదు, అన్నీ పక్కపక్కనే నడిచాయి. తడి అడవిలో వెదురు విల్లు తెలివైన ఎంపిక, విరిగితే సాయంత్రానికి ఇంకొకటి తయారు. మన్యంలో కోయ, కొండరెడ్ల విల్లు వెదురుదే, చాలాచోట్ల నారి కూడా వెదురు బద్దే, వానకి తడిసినా సాగదు. దాన్ని కొమ్ము విల్లుతో పోల్చి నాటుదని చులకన చేసేవాళ్లు ఆ అడవిలో ఒక్క వర్షాకాలం గడిపితే మాట మార్చుకుంటారు.

కానీ మైదానాల్లో గుర్రపుదళాలు ఎదురుపడ్డప్పుడు లెక్క వేరు. విజయనగర రాజు రెండో దేవరాయలు (1424–1446) బహమనీలతో పదే పదే ఓడిపోతుంటే కారణం ఏమిటని సభలో అడిగాడనీ, వాళ్ల గుర్రాలు బలమైనవి, వాళ్ల విలుకాళ్లు మేలైనవాళ్లు అని జవాబొచ్చిందనీ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. దాంతో రాయలు ముస్లిం విలుకాళ్లని కొలువులో చేర్చుకున్నాడు, 2 వేల మందిని, వాళ్లకి మసీదు కట్టించాడు, తన మనుషులకి వాళ్ల చేత విలువిద్య నేర్పించాడు. విల్లు కొంటే సరిపోదు, దాన్ని లాగే అలవాటు శరీరానికి ఏళ్ల తరబడి పట్టాలి అని ఆ రాజుకి తెలుసు.

మొగలుల కాలానికి పీతలా ముడుచుకునే ఇక్కడి కొమ్ము విల్లు పూల నగిషీలతో, బంగారు పూతతో తయారయ్యేది. దాంతోపాటు 17వ శతాబ్దం నుంచి మన దేశంలోనే విరివిగా వచ్చింది ఉక్కు విల్లు, అచ్చం కొమ్ము విల్లు ఆకారంలో. బాణం వేగంలో అది కొమ్ము విల్లుకి చాలదు, రెక్కలు బరువు. కానీ కోట ఆయుధాగారంలో ఏళ్ల తరబడి పడేసి ఉంచినా, వర్షాకాలం తేమకి జిగురు వదులుతుందన్న టెన్షన్ లేదు, తీసి వాడేయొచ్చు. వేగం వదులుకుని భరోసా కొనుక్కోవడం, ఇదీ బేరమే. విల్లుకి పారసీ మాట కమాన్. ఆ మాట తెలుగులో గుమ్మం మీద కమానుగా, లారీ కింద కమాన్ కట్టలుగా ఇప్పటికీ బతికుంది. లోడు పడితే వంగి మళ్లీ లేచే ఆ ఉక్కు పట్టీలకి ఇంతకంటే సరైన పేరు దొరకదు.

బొటనవేలి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. పొట్టి విల్లు పూర్తిగా లాగితే నారి చాలా ఇరుకు కోణంలో ముడుచుకుంటుంది, మూడు వేళ్లతో పట్టుకుంటే వేళ్లు నలిగిపోతాయి. అందుకని ఆసియా అంతటా బొటనవేలితో లాగి, చూపుడువేలితో దాన్ని బిగించి పట్టుకున్నారు, వేలికి ఉంగరం తొడిగారు. క్రీ.పూ. 1200 ప్రాంతపు చైనా షాంగ్ వంశపు రాణి ఫూ హావ్ సమాధిలో, 1976లో తవ్వినప్పుడు, జేడ్ రాతితో చేసిన అలాంటి ఉంగరం దొరికింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువుల గదికి వెళితే షాజహాన్ బిరుదు చెక్కిన విలుకాడి ఉంగరం కనబడుతుంది. ఎక్కువమంది పక్కనున్న జహంగీర్ బాకు చూసి ముందుకెళ్లిపోతారు. ఆ చిన్న ఉంగరం దగ్గర రెండు నిమిషాలు ఆగితే బాగుంటుంది, మూడు వేల ఏళ్ల పాటు చైనా నుంచి దక్కన్ దాకా ఒకే చేతి అలవాటు నడిచిందనడానికి అది సాక్ష్యం.

తుపాకీ వచ్చిన వెంటనే ఈ విల్లు పోలేదు. చాలా కాలం తుపాకీ కంటే ఇదే వేగంగా, ఎక్కువసార్లు కొట్టేది. కానీ తుపాకీ పట్టడం కొన్ని వారాల్లో నేర్పొచ్చు, విలుకాణ్ని తయారుచేయడానికి బాల్యం నుంచి సాధన కావాలి, విల్లు చేయడానికే ఏడాది కావాలి. అక్కడ ఓడిపోయింది. 1813లో నెపోలియన్ మీదికి రష్యా సైన్యంతో వచ్చిన బాష్కిర్ రౌతులు ఇంకా విల్లులతోనే ఉన్నారు. ఫ్రెంచివాళ్లు ఆ వంకర విల్లులు చూసి వాళ్లకి ప్రేమదేవుళ్లని పేరు పెట్టారు, ఆ మాట రాసిన సేనాని మార్బో కాలికే వాళ్ల బాణం తగిలింది. చైనాలో సైనిక పరీక్షల్లో బరువు విల్లు లాగడం 1901 దాకా ఉంది, ఆ పరీక్షలు రద్దవగానే బీజింగ్ విల్లు దుకాణాలకి బేరం పడిపోయింది. కచ్‌లో విల్లులు చేసే కమాన్‌గర్లు గోడల మీద బొమ్మలు వేసే వృత్తిలోకి మళ్లారు. విల్లు వీపు మీద నగిషీ వేసిన చెయ్యి కాబట్టి కుంచె కొత్త కాలేదు, అక్కడి పాత ఇళ్ల గోడల మీద ఆ పనిని కమాన్‌గరీ అనే అంటారు.

తుర్కీ సంప్రదాయ విలువిద్య 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కొరియాలో మాత్రం ఇది జాబితాలో పెట్టి చూసుకునే వస్తువు కాదు. 145 మీటర్ల దూరంలో ఉన్న చెక్క గురి మీదికి రోజూ బాణాలు వేసే మైదానాలు ఊరూరా ఉన్నాయి. మామూలుగా ఫైబర్ విల్లు వాడినా, పై స్థాయి పట్టాలకి వెళ్లేవాళ్లు కొమ్ము విల్లు, వెదురు బాణాలతోనే పరీక్ష ఇవ్వాలి. వాళ్ల విల్లులకి గేదె కొమ్ములు ఇప్పటికీ సముద్రం దాటి బయటి దేశాల నుంచే వస్తాయి.